మట్టిబొమ్మలును హాలోవీన్ పండుగయు

పండుగ వచ్చినప్పుడు ఇల్లు అలంకరించుకొనుట మనుష్యులకు సహజము. మనము గడపకు పసుపు పూయుదుము. వాకిట ముగ్గు పెట్టుదుము. గుమ్మమునకు మామిడాకుల తోరణము కట్టుదుము. దీపావళినాడు ప్రమిదలు వరుసగా నిలుపుదుము. ఈ యలంకారములలో ప్రమిద కుమ్మరి చేతినుండి వచ్చును. తక్కినవి యన్నియు ఇంటివారి చేతులనుండియే పుట్టును. పండుగ వెళ్ళిన పిమ్మట ఇవి యన్నియు నేలలో కలిసిపోవును. ముగ్గును చీమలు తినును. తోరణము ఎండి రాలును. విరిగిన ప్రమిద పెరటిమట్టిలో పెంకుగా మిగులును. వెనుకటి దినములలో పండుగ మరునాడు ఊరిలో చెత్త యనునది పెద్దగా కనబడకుండుటకు ఇదియే కారణము.

ఇప్పుడు మన నగరమునకు ఒక క్రొత్త పండుగ వచ్చి చేరినది. దాని పేరు హాలోవీన్. అక్టోబరు 31వ తేదీ రాత్రి దీనిని జరుపుదురు. నవంబరు 1వ తేదీ క్రైస్తవులకు సకల పునీతుల పండుగ. 2వ తేదీ మృతులను స్మరించు దినము. మన తెలుగు క్రైస్తవులు ఆ దినమున సమాధులను శుభ్రపరచి, పూలుంచి, మైనపువత్తులు వెలిగింతురు. దీనినే మనవారు సమాధుల పండుగ యందురు. ఆ పునీతుల పండుగకు ముందురాత్రి యగుటచేతనే హాలోవీన్‌కు ఆ పేరు కలిగెను. ఐర్లాండు దేశపు పల్లెలలో ఆ రాత్రి ముల్లంగి జాతి దుంపను తొలిచి, దానికి కన్నులు, నోరు కోసి, లోపల దీపముంచెడివారు. ఆ దేశమువారు అమెరికాకు వలస వెళ్ళిన పిమ్మట, అచట సులభముగా దొరకు గుమ్మడికాయ ఆ దుంపకు బదులయ్యెను. నేడు అమెరికాలో పిల్లలు వేషములు వేసికొని ఇంటింటికి తిరిగి మిఠాయిలు అడుగుట ఆచారము. అచట స్థిరపడిన మన తెలుగు కుటుంబముల పిల్లలును వారితో కలిసి తిరుగుచున్నారు. 2024వ సంవత్సరమున దీపావళియు హాలోవీనును ఒకే దినమున, అక్టోబరు 31వ తేదీన, వచ్చినవి. ఆ సాయంకాలము అచటి తెలుగు ఇండ్ల గడపలయందు గుమ్మడికాయయు ప్రమిదయు ప్రక్కప్రక్కనే వెలిగినవి.

హైదరాబాదు నందును కొన్ని పాఠశాలలలో, పెద్ద అంగళ్ళలో ఈ పండుగ కనబడుచున్నది. కాని వచ్చినది ఏ రూపమున వచ్చినది? ప్లాస్టికు గుమ్మడికాయలు, రబ్బరు ముఖములు, నైలాను సాలెగూళ్ళు, ఒకరాత్రికి కొని మరునాడు పారవేయు వస్తువులు, ఇవియే మన పాలికి వచ్చినవి. దుంపను తొలిచిన ఐర్లాండు రైతు చేతిపని మాత్రము మనవరకు రాలేదు. జల్‌పల్లి వంటి చోట, నగరమునకు దక్షిణపు అంచున నివసించు మనము, ఈ పండుగను పాఠశాలలో జరుపవలయునా వలదా యని వాదించుకొనుట విందుము. నా యభిప్రాయమున ఆ వాదము రెండవది. మొదట అడుగదగిన ప్రశ్న వేరు: పండుగ ఎవరిదైన నగుగాక, దాని యలంకారమును ఎవరు చేసిరి, దేనితో చేసిరి, పండుగ పిమ్మట అది ఎచటికి పోవును? ఈ మూడు ప్రశ్నలకు మంచి సమాధానము మట్టి యొక్కటియే యని నా తలంపు.

మొదట, ఇది పరదేశపు పండుగ యను ఆక్షేపణమును విచారింతము. గుమ్మడికాయకు భయంకరమగు ముఖము గీయుట మన కెరుగని పనియా? క్రొత్తగా కట్టుచున్న ఇంటికి దిష్టిబొమ్మ కట్టుదుము. గుమ్మమునకు బూడిదగుమ్మడికాయ వ్రేలాడదీయుదుము. పంటచేలలో నల్లని కుండపై సున్నపుబొట్లు పెట్టి, కన్నులు, కోరలు వ్రాసి, కఱ్ఱకు తగిలింతుము. చెడ్డచూపు ఆ ముఖమునకు తగిలి ఇంటిని, పంటను విడిచిపోవునని మన పెద్దల నమ్మిక. ఐర్లాండు పల్లెవాసి దుంపకు కోరలు కోసినదియు ఇటువంటి తలంపుతోడనే. సముద్రములకు ఆవల, ఈవల సామాన్యజనులు భయమునకు ఒక ముఖము కల్పించి, దానిని గుమ్మము వెలుపల నిలిపిరి. ఇంక గుమ్మడికాయ మాటకు వచ్చినచో, మనము కూర వండుకొను తీపిగుమ్మడియే అమెరికా ఖండమునుండి వచ్చిన తీగ. పోర్చుగీసువారు మొదలగు పాశ్చాత్యులు ఇచటికి నావలు నడపుట మొదలిడిన పిమ్మటనే అది మన నేలలో ప్రాకెను. నేడు దాని పూవును బతుకమ్మలో పేర్చుచున్నాము. దాని పులుసు లేని సంక్రాంతి భోజనము అనేకులకు వెలితిగా తోచును. వచ్చిన తీగ మన మట్టిలో వేరూనినందున మనదయ్యెను. పండుగల సంగతియు అంతియే. మన మట్టిలో వేరూనినచో అది మనదగును. ప్లాస్టికు సంచిలో వచ్చి ప్లాస్టికు సంచిలోనే పోయినచో అది ఎన్నటికిని పరాయిదే.

రెండవ ఆక్షేపణము విశ్వాసమునకు సంబంధించినది. దయ్యములు, పిశాచములు మొదలగు వానితో పిల్లలకు వినోదమేల యని క్రైస్తవులలోను, హిందువులలోను, మహమ్మదీయులలోను కొందరు తల్లిదండ్రులు అడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. మన ప్రాంతమున మహమ్మదీయ కుటుంబములు ఎక్కువ. పహాడీషరీఫ్ దర్గా గుట్ట మనకు కనుచూపు మేరలోనే యున్నది. ప్రాణులకు బొమ్మలు చేయుట తగదని తలచు వారి పిల్లలు మన ప్రక్క బల్లలమీదనే కూర్చుండుచున్నారు. ఒక తరగతిలోని పిల్లలలో సగము మంది చేయజాలని పని తరగతిపని యనిపించుకొనదు. మట్టిపనిలో దీనికి తేలికయగు మార్గము కలదు. గుమ్మడికాయ, ఆకు, నెలవంక, నక్షత్రము, దీపపుగూడు వీనిలో ప్రాణి లేదు, పిశాచమును లేదు. ముఖము వ్రాయ నిష్టపడువారు వ్రాయుదురు. ఇష్టపడనివారు గుమ్మడికి ఆకులు, తీగలు చెక్కుదురు. చీకటిలో దీపము వెలిగించుటను ఏ మతమును కాదనలేదు.

ఇక మట్టి యేల యను మాట. పాశ్చాత్యుల ఇండ్లలో ఈ పండుగకు పిల్లలు ఇంటివద్దనే ఒక విధమగు ముద్ద చేసికొందురు. రెండు పాళ్ళు మైదాపిండి, ఒక పాలు ఉప్పు, సుమారు ఒక పాలు నీరు కలిపి పిసికి, బొమ్మలు చేసి, సన్నని సెగను పొయ్యిగూటిలో కాల్చుదురు. మొక్కజొన్నపిండిని, సోడా ఉప్పును నీటితో ఉడికించి చేయు తెల్లని ముద్ద మరియొకటి. చలిదేశములలో, పొడిగాలి గల ఇండ్లలో ఇవి బాగుగానే నిలుచును. కాని మనకు అక్టోబరు మాసము వానకాలపు తోక. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొనును. బొమ్మ మెత్తబడి క్రుంగును. పిండివాసనకు చీమలు, పురుగులు చేరును. మన యిండ్లలో పెక్కింటికి అట్టి పొయ్యిగూడును లేదు. అంతకంటె ముఖ్యమైనది, అది తినదగిన పిండి. పిల్లలు రాత్రికి రొట్టెకై ఎదురుచూచు ఇండ్లు మన వీధులలో కలవు. అన్నమును ఆటవస్తువుగా చేయక ఆడుకొనుటకు దేవుడు మనకు మట్టిని ఇచ్చియుండగా, పిండిని వ్యర్థము చేయనేల?

పని తెలియనివారికై దాని క్రమమును ఇచట వ్రాయుచున్నాను. ఎండిన బంకమట్టిని మెత్తగా కొట్టి, రాళ్ళు, వేళ్ళు ఏరి, ఒక తొట్టిలో రెండు దినములు నీట నానవేయవలెను. పిమ్మట కలియబెట్టి, పలుచని గుడ్డలో వడియగట్టి, కదల్పక ఉంచినచో మట్టి అడుగుకు దిగును. పైతేట నీటిని వంచివేసి, మిగిలిన బురదను గోనెపై పరచి ఆరనిచ్చి, చేతికి అంటుకొననంత గట్టిపడిన పిమ్మట చపాతిపిండివలె బాగుగా పిసుకవలెను. లోపలి గాలిబుడగలు పోవుటకే ఈ పిసుకుట. కొంచెము సన్నని ఇసుకను గాని, నానవేసి దంచిన పాత కాగితమును గాని, సన్నగా తరిగిన వరిగడ్డిని గాని కలిపినచో పగుళ్ళు తగ్గును. మట్టి ఆరునప్పుడు పదింట ఒక వంతు వరకు కుంచించుకొనును. దళసరి భాగము నెమ్మదిగాను, పలుచని భాగము త్వరగాను ఆరుటచేతనే బొమ్మ పగులును. కావున గుమ్మడిని లోపల బోలుగా, గోడ అంతటను ఒకే దళసరిగా, వ్రేలి మందమునకు మించకుండ చేయవలెను. తొడిమను, ఆకును అతికించునపుడు రెండు తావులను గీరి, మట్టినీరు పూసి నొక్కినగాని అవి నిలువవు. ఎండలో కాక నీడలో, తడిగుడ్డ కప్పి, మూడు నాలుగు దినములు ఆరబెట్టుట మేలు.

రంగులకు అంగడికి పోనక్కరలేదు. ఎఱుపునకు జాజు, తెలుపునకు సున్నము, నలుపునకు దీపపుమసి, పసుపుపచ్చకు పసుపు చాలును. పసుపులో కొంచెము సున్నము కలిపినచో ఎఱ్ఱబారునని మన తల్లులకు పారాణి వలన తెలియును. రసాయనశాస్త్రపు తరగతిలో ఉపాధ్యాయులు చూపు పరీక్షయు ఇదియే. పసుపురంగు ఎండకు వెలియును. కాని రెండు రాత్రుల పండుగకు అది చాలును. దీపము విషయమై ఒక్క జాగ్రత్త. కాల్చని మట్టి నూనెను పీల్చుకొనును. కావున గుమ్మడి లోపల కుమ్మరి కాల్చిన ప్రమిదనే ఉంచవలెను. పొగ పోవుటకు పైన రంధ్రము విడువవలెను. పెద్దలు దగ్గర నుండగానే వెలిగింపవలెను.

ఇంతవరకు అంతయు సులభము. కష్టమగు ప్రశ్న ఇప్పుడు వచ్చుచున్నది: ఆ మట్టిని ఎచటినుండి తేవలెను? జల్‌పల్లి యనగానే చెరువు స్ఫురించును. వెనుకటి కాలమున ఈ ప్రశ్నకు తావే లేదు. చెరువు మట్టియే కుండకు, ఇటుకకు, ఇంటి గోడకు, పొలమునకు ఆధారము. 2015వ సంవత్సరమున మిషన్ కాకతీయ పేరిట తెలంగాణమున చెరువుల పూడిక తీయించినప్పుడు, ఆ మట్టిని రైతులు పొలములకు తోలుకొనిరి. పూడికమట్టి యనగా ధనము. కాని నగరపు అంచున నున్న చెరువుల సంగతి వేరు. మనకు కొన్ని కిలోమీటర్ల దూరముననే యున్న కాటేదాన్ పారిశ్రామిక వాడ నేలలో సీసము, క్రోమియము, ఆర్సెనికము మొదలగునవి మితిమీరి యున్నట్లు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2008వ సంవత్సరమున ప్రకటించిరి. మురుగుకాలువలు, కర్మాగారముల వ్యర్థజలములు చేరు చెరువు మట్టిని పరీక్షింపక పిల్లల చేతికి ఈయరాదు. సీసము కంటికి కనబడదు, వాసన లేదు, మట్టి పిసికిన చేతితో అన్నము తిను పిల్లవానికి అది హాని చేయును.

ఒక్క క్షణము ఆలోచింపుడు. చెరువు ప్రక్కన పుట్టిన పిల్లవాడు ఆ చెరువు మట్టితో బొమ్మ చేసికొనరాదని మనము చెప్పవలసి వచ్చినది. ఒక ఊరికి ఇంతకంటె నష్టమేమి? ప్లాస్టికు గుమ్మడికాయను కొనునప్పుడు ఈ నష్టము మనకు తెలియదు. దానికి చెరువుతో పనిలేదు. మట్టిబొమ్మ చేయబూనినప్పుడే, మన మట్టి ఏమైనదను ప్రశ్న పుట్టును. మట్టిపనిని నేను బలపరచుటకు గల కారణములలో ఇది మొదటిది.

చెరువును మరచినవారిని చెరువు మరువదు. 2020వ సంవత్సరము అక్టోబరు 13, 14 తేదీలలో నగరమున కుంభవృష్టి కురిసెను. కొద్ది దినములలో బాలాపూరు వైపు గుఱ్ఱం చెరువు కట్ట తెగి దిగువ బస్తీలు మునిగెను. మన ప్రక్కనున్న ఉస్మాన్‌నగర్ ఇండ్లలో నెలల తరబడి నీరు నిలిచెను. చెరువు శిఖములలో కట్టడములు లేచుట, నీరు పోవు కాలువలు పూడిపోవుట దీనికి ముఖ్య కారణములు. పండుగ బొమ్మలవలన వచ్చిన ఆపద కాదిది. అయినను ఆ దినములలో నీటితోపాటు ఇండ్లలోనికి వచ్చినదేమి? మనము చెరువులోను, కాలువలోను పారవేసినదంతయు తిరిగి మన గడపకే వచ్చెను.

వినాయకచవితి విషయమున ఈ పాఠము ఇదివరకే మన ముందు పెట్టబడినది. జిప్సము రాతిని కాల్చి చేసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి నీటితో కలిసి మరల రాయివలె గట్టిపడును; మట్టివలె నీట కరుగదు. అందుచే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020వ సంవత్సరమున దానితో విగ్రహములు చేయరాదని నియమములు ప్రకటించెను. 2021వ సంవత్సరము సెప్టెంబరున తెలంగాణ హైకోర్టు అట్టి విగ్రహములను హుస్సేన్‌సాగరమున నిమజ్జనము చేయరాదని ఉత్తరువిచ్చెను. ఏర్పాట్లకు వ్యవధి లేదని విన్నవింపగా, సుప్రీంకోర్టు ఆ యొక్క యేడాదికి మాత్రము అనుమతించెను. ఒక పాత పండుగను మట్టిదారికి మరలించుటకు న్యాయస్థానములు ఇంత శ్రమపడవలసి వచ్చినది. క్రొత్త పండుగను మొదటి దినముననే మట్టిదారిని పెట్టుట ఎంత సులభము! అలవాటు కాకమునుపే దిద్దుకొనుట తెలివి.

మరి శుభ్రమగు మట్టి ఎచట దొరకును? కుమ్మరియొద్ద. ఏ నేల బంక, ఏ నేల ఇసుక, దేనిలో దేని నెంత కలుపవలెనో ఎరిగినవాడతడు. ప్లాస్టికు వచ్చినది మొదలు అతనికి బేరములు తగ్గినవి. వేసవిలో నీటికుండలు, దీపావళికి ప్రమిదలు, ఇంతియే అతని సంవత్సరపు పని. సిద్ధమగు మట్టిని అతనియొద్ద వెలయిచ్చి కొనుడు. వీలైనచో ఒక దినము అతనిని పాఠశాలకు పిలిచి, సారెను తరగతిలో త్రిప్పింపుడు. ఇచట అతనిని గురువుగా కూర్చుండబెట్టవలెను గాని, వాకిట నిలబెట్టి చూడరాదు. సంగారెడ్డి ప్రాంతపు కొండాపురమున 1940వ దశకము తొలినాళ్ళలో హైదరాబాదు రాజ్యపు పురావస్తుశాఖవారు త్రవ్వించినపుడు, శాతవాహనుల కాలపు మట్టిబొమ్మలు అనేకములు బయటపడెను. రెండు అచ్చులలో మట్టినొత్తి, రెండు సగములను అతికించి, లోపల బోలుగా చేసిన బొమ్మలవి. గుమ్మడిని బోలుగా చేయుమని పైన వ్రాసితిని గదా; ఆ పనితనము ఈ నేలకు దాదాపు రెండువేల ఏండ్లనాటిది.

పరీక్షలున్న పిల్లలకు మట్టిపిసుకుట కాలహరణము కాదా యని కడపటి ఆక్షేపణము. నానవేయుటలో భౌతికశాస్త్రము, రంగులలో రసాయనశాస్త్రము, చెరువులో భూగోళము, కొండాపురములో చరిత్ర ఉన్నవని బదులు చెప్పవచ్చును. కాని అవి లేకున్నను నేను ఈ పనిని కోరుదును. కొన్న వస్తువు పగిలినచో పిల్లవాడు మరియొకటి కొనుమని ఏడ్చును. చేసిన వస్తువు పగిలినచో ఏల పగిలెనో యోచించును. ఈ రెండింటికి గల భేదమే విద్య.

కావున సోదర విద్యార్థులారా, రాబోవు అక్టోబరు మాసమున ప్రతి తరగతియు పది మట్టి గుమ్మళ్ళు చేయుగాక. అవి దీపావళికి వెలిగినను సరే, సమాధుల పండుగకు వెలిగినను సరే, హాలోవీన్ రాత్రి వెలిగినను సరే. పండుగ తీరిన పిమ్మట వానిని చెరువులో వేయకుడు. ఒక తొట్టిలో నానవేసి, ఆ మట్టిని మరుసటి ఏటికి దాచుడు, లేదా పాఠశాల తోటలో మొక్కకు పోయుడు. చెరువు మట్టిని కొంచెము సీసాలోనికి ఎత్తి పరీక్షాశాలకు పంపవలసినదిగా ఉపాధ్యాయులను కోరుడు. వచ్చిన ఫలితమును వచ్చే సంవత్సరపు ఈ సంచికలోనే ప్రకటింపుడు. ఏనాటికైనను మన జల్‌పల్లి చెరువు మట్టిని పిల్లల చేతికి నిర్భయముగా ఇయ్యగలిగినప్పుడు, ఈ ఊరికి అంతకు మించిన పండుగ వేరొకటి ఉండదు.